ఒక్క కుట్టు ఎక్కువ: లెక్కపెట్టక్కర్లేని కౌల్ కథ

నా దగ్గర అల్లిక నేర్చుకుంటున్న అమ్మాయి ఒక రోజు సంచిలోంచి సగం అల్లిన మఫ్లర్ తీసి బల్ల మీద పడేసింది. "అక్కా, ఇది నా వల్ల కాదు. ఎంత అల్లినా జానెడు కూడా పెరిగినట్టు లేదు. తొందరగా తెమిలేది ఏదైనా చెప్పు. కుట్టి అతికించే పని వద్దు. లెక్కపెట్టే పని అసలే వద్దు" అంది.

ఏం వచ్చు అని అడిగితే అల్లికకి మూలమైన రెండు కుట్లే: నిట్ వచ్చు, దాన్ని తిరగేస్తే కనిపించే పర్ల్ వచ్చు, అంతే. ఒకసారి టోపీ కోసం సర్క్యులర్ సూది (రెండు మొనల మధ్య వంగే తీగ ఉన్నది) మీద గుండ్రంగా అల్లిన అనుభవం ఉంది. చేతిలో ఒక్క ఉండ: వర్‌స్టెడ్ మందం, అంటే మధ్యరకం లావు ఊలు, 100 గ్రాములు, దాదాపు 200 మీటర్లు. మఫ్లర్ రెండు కొసలూ కలిపేస్తే వచ్చే గొట్టమే కౌల్. తల మీంచి వేసుకుంటే మెడ చుట్టూ కూర్చుంటుంది, కొసలు జారవు, గుండ్రంగా అల్లితే అతుకు ఉండదు. కాబట్టి ఏం చెయ్యాలన్నది అక్కడికక్కడే తేలిపోయింది. ఎలా అన్నదానికి మాత్రం నాలుగు వారాలు పట్టింది. ఆ నాలుగు వారాల్లో విప్పిందే ఎక్కువ.

తేలిగ్గా ఉండాలంటే ఏ కుట్టు వెయ్యాలో ఆలోచించే ముందు ఏం వద్దో రాసుకోవడం నా అలవాటు. కేబుళ్లు (జడలాంటి మెలికలు) వద్దు, జాలీ వద్దు, పెంచడం తగ్గించడం వద్దు. కౌల్ మెడ దగ్గర మడత పడుతుంది, లోపలి వైపు బయటికి కనిపిస్తూనే ఉంటుంది. అందుకని రెండు వైపులా చూడదగ్గట్టు ఉండాలి. అంచు చుట్టుకుపోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆమె చివర్లో అన్న మాట: టీవీ చూస్తూ అల్లుకోవాలి, మధ్యలో ఎవరైనా పిలిస్తే పక్కన పెట్టి మళ్లీ అందుకోగలగాలి.

చుట్టుకొలత తేల్చడం సులువు. పెద్దవాళ్ల తల చుట్టూ సాధారణంగా 54 నుంచి 58 సెం.మీ. ఉంటుంది, మెడ అంతకంటే చాలా సన్నం. కౌల్ తలలోంచి దూరాలి, మెడ దగ్గర మరీ వేలాడకూడదు. 60 సెం.మీ. పెట్టుకున్నాను.

మొదటి రెండు గొట్టాలు

మొదటిది అచ్చంగా నిట్ గొట్టం, మధ్యమధ్యలో ఒక్కో పర్ల్ రౌండుతో గట్లు. గుండ్రంగా అల్లేటప్పుడు ప్రతి రౌండూ నిట్టే కాబట్టి నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే తేలిక లేదనుకున్నాను. సూదిలోంచి తీశానో లేదో పైఅంచు, కిందిఅంచు బయటికి చుట్టలు చుట్టుకుపోయాయి. ఇది తెలియక చేసిన పని కాదు. నిట్ ముఖం ఒక వైపు, పర్ల్ ముఖం ఒక వైపు ఉన్న బట్టలో లాగుడు రెండు వైపులా సమంగా ఉండదు, పైకిందుల అంచులు నిట్ వైపుకి తిరుగుతాయి. గట్లు వేస్తే ఆపుతాయేమో అని ఆశ పడ్డాను. ఆపలేదు. తడిపి ఆరబెడితే రెండు రోజులు బుద్ధిగా ఉండి మూడో రోజు మళ్లీ చుట్టుకుంది.

రెండోది 108 కుట్లతో మూడు నిట్, మూడు పర్ల్ రిబ్, అంటే నిలువు గీతల అల్లిక. చుట్టుకోదు, రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కానీ రిబ్ లోపలికి ముడుచుకుంటుంది. 60 సెం.మీ. రావలసిన గొట్టం వదిలేస్తే 42 దగ్గర నిలిచింది. మెడకి పట్టేసి, స్వెట్టర్ కాలరు కత్తిరించి తగిలించుకున్నట్టు ఉంది. పైగా కింద నిట్ ఉంటే నిట్, పర్ల్ ఉంటే పర్ల్ అని 70 రౌండ్లు అల్లడం ఎంత విసుగంటే, నాకే నిద్రొచ్చింది.

అయినా రెండో గొట్టంలో ఒక మంచి గుణం ఉంది. సమానంగా నిట్, సమానంగా పర్ల్: అంచు నిలవడానికి, రెండు వైపులా ఒకేలా ఉండడానికి అదే కారణం. ఆ గుణం ఉంచుకుని, నిలువు గీతల వల్ల వచ్చే ముడుపు వదిలించుకోవాలి. గీతలు ఏటవాలుగా పోతే బట్ట అంతగా ముడుచుకోదు. కానీ ఏటవాలు గీతలకి ప్రతి రౌండూ ఎక్కడ మొదలెట్టాలో చూసుకోవాలి, అంటే మార్కర్ (రౌండు మొదలుకి గుర్తుగా సూదికి తగిలించే రింగు), కాగితం, లెక్క. ఆమె వద్దన్నదే అది.

శేషం ఒకటి

జవాబు సీడ్ స్టిచ్ దగ్గర దొరికింది. ఒక నిట్, ఒక పర్ల్ వేస్తూ గుండ్రంగా అల్లేటప్పుడు కుట్లు సరిసంఖ్యలో ఉంటే నిట్ మీద నిట్టే పడి రిబ్ వస్తుంది. బేసిసంఖ్యలో ఉంటే రౌండు తిరిగేసరికి ఒక కుట్టు జరిగి నిట్ మీద పర్ల్ పడుతుంది, దానంతటదే సీడ్ స్టిచ్ అయిపోతుంది. రౌండు ఎక్కడ మొదలైందో తెలియనక్కర్లేదు. ఇది అల్లేవాళ్లందరికీ తెలిసిన సంగతే.

అదే కిటుకు మూడు నిట్, మూడు పర్ల్‌కి పెడితే? ఒక వరస పూర్తి కావడానికి ఆరు కుట్లు. 108ని ఆరుతో భాగిస్తే శేషం ఉండదు, గీత నిటారుగా నిలుస్తుంది. 109 అయితే శేషం ఒకటి. 18 వరసలయ్యాక ఒక కుట్టు మిగులుతుంది, కొత్త రౌండులో ప్రతి గుంపూ ఒక కుట్టు ముందుగానే మొదలవుతుంది. ఆగకుండా మూడు నిట్, మూడు పర్ల్ వేసుకుంటూ పోతే చాలు, గీతలు వాటంతటవే కుడి వైపుకి వాలుతూ పైకి ఎక్కుతాయి. రౌండు మొదలు, చివర అనేవే లేవు. కాబట్టి మామూలుగా రౌండు కలిసేచోట కనిపించే మెట్టు కూడా ఉండదు.

పైగా 109 బేసిసంఖ్య. అంటే కింద, పైన సీడ్ స్టిచ్ అంచు పెట్టినా అదే పద్ధతిలో మార్కర్ లేకుండా నడిచిపోతుంది. ఇది కాగితం మీద తేలిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆరుకి ఏ గుణిజం తీసుకున్నా సరిసంఖ్యే, ఒకటి కలిపితే బేసే. ఏ సైజుకైనా అంచూ నడుస్తుంది, లోపలి గీతా నడుస్తుంది.

ఇది నేను కనిపెట్టానని మాత్రం చెప్పను. మడమ లేని మేజోళ్లు ఇలా మెలితిరిగే రిబ్‌తో అల్లడం పాత పద్ధతే. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన అల్లిక డిజైనర్ ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999) తనకి తట్టిన కిటుకులని కొత్తవి అనేది కాదు. ఎప్పుడో ఎవరో చేసే ఉంటారు, మళ్లీ తవ్వి తీశాను అనే అర్థంలో ఇంగ్లీషులో ఒక చమత్కారపు మాటే కల్పించుకుంది. రెండే రెండు కుట్లతో వందల ఏళ్లుగా అందరూ అల్లుతున్నప్పుడు కొత్త కుట్టు పుట్టడం కష్టం. ఇక్కడ నాదంటూ ఉన్నది ఎంపికలే: ఏ వరస, ఎన్ని కుట్లు, ఎంత అంచు, ఎక్కడ ఆపాలి.

వరస ఎంపికకి మూడు ముక్కలు అల్లి చూశాను. రెండు నిట్, రెండు పర్ల్ అయితే గీతలు సన్నగా, దగ్గరదగ్గరగా వచ్చి కాస్త దూరం నుంచి చూస్తే గజిబిజిగా ఉంది. నాలుగు నాలుగు అయితే పర్ల్ గాడి లోతుగా దిగి బట్ట దుప్పటిలా బరువెక్కింది. మూడు మూడు దగ్గర గీత స్పష్టంగా ఉంది, బట్ట మెత్తగా ఉంది. ఐదు నిట్, ఒక పర్ల్ కూడా అందంగానే ఉంటుంది కానీ తిరగేస్తే వెనక వైపు వేరే బట్ట. దాన్ని పక్కన పెట్టేశాను.

స్వాచ్ ఉతకాలి

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. 5.5 మి.మీ. సూదితో స్వాచ్ (కొలత చూసుకోవడానికి అల్లే చిన్న ముక్క) అల్లి, కొలిచి, ఉతక్కుండానే మొదటి నమూనా మొదలెట్టాను. ఇన్నేళ్ల అనుభవం ఉందిగా అన్న ధీమా. అల్లడం అయ్యాక సరిగ్గా 60 సెం.మీ. ఉంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఆరేసి మర్నాడు కొలిస్తే 66. మెడ మీద కూర్చోవలసింది భుజాల మీద వాలిపోయింది. ఆ ఊలు సూపర్‌వాష్ రకం, అంటే మిషనులో ఉతికినా పీచు పట్టుకుపోకుండా పైపొలుసుని అణచేసింది. పొలుసు పట్టు లేని పోగులు తడిస్తే సులువుగా జారి సాగుతాయి. స్వాచ్‌ని తడిపి ఆరబెట్టి ఉంటే అది ముందే చెప్పేది.

5 మి.మీ. సూదికి దిగి, ఈసారి ఉతికిన స్వాచ్ మీద కొలిస్తే 10 సెం.మీ.కి 18 కుట్లు, 26 రౌండ్లు వచ్చాయి. 18 కుట్ల లెక్కన 60 సెం.మీ.కి 108, పైన ఒకటి. చెయ్యి బిగువైనవాళ్లకి 20 కుట్లు వస్తే అదే 109 కుట్లు 54.5 సెం.మీ.కి దిగిపోతాయి. తలలోంచి దూర్చేటప్పుడు చెవులు ఎర్రబడతాయి. ఒక్క స్వాచ్ బద్ధకానికి ఐదున్నర సెంటీమీటర్లు.

కుట్టు వెడల్పు 5.5 మి.మీ. పైచిలుకు, రౌండు ఎత్తు 4 మి.మీ. లోపు. రౌండుకి ఒక కుట్టు జరుగుతుంది కాబట్టి గీత నిటారు కంటే పడుకునే వైపే ఎక్కువ మొగ్గుతుంది, అడ్డం నుంచి కొలిస్తే దాదాపు 35 డిగ్రీలు. 64 రౌండ్ల ఒంట్లో గీత 64 కుట్లు జరుగుతుంది, చుట్టులో సగానికి పైనే. ముందు వైపు గడ్డం కింద మొదలైన గాడి మెడ వెనక దాటి పైకి తేలుతుంది.

ఎదురు, అదే, అదే

లెక్కపెట్టకుండా అల్లాలంటే బట్టని చూసి చదవగలగాలి. సూది మీది కుట్టు కింద వి ఆకారం కనిపిస్తే అది నిట్. ఆ కుట్టు మెడకి అడ్డంగా గింజలా కనిపిస్తే పర్ల్. 109 కుట్ల మీద రెండు రౌండ్లు దాటాక ఎడమ సూది మీదికి చూస్తే ఒక క్రమం తెలుస్తుంది. ప్రతి మూడు కుట్ల గుంపులో మొదటిది కింద ఉన్నదానికి ఎదురు, మిగతా రెండూ కింద ఉన్నవే. అంటే నిట్ గుంపు మొదలయ్యేది గింజ మీద, తర్వాతి రెండూ వి మీద. పర్ల్ గుంపు మొదలయ్యేది వి మీద, తర్వాతి రెండూ గింజల మీద.

ఆ అమ్మాయికి నేను నేర్పింది ఇదొక్కటే: ఎదురు, అదే, అదే. ఫోన్ వచ్చి ఎక్కడ ఆపిందో మర్చిపోయినా, కుడి సూది మీద చివరి మూడు కుట్లు చూసుకుంటే మళ్లీ దారిలో పడుతుంది. తప్పు పడినా రెండు మూడు కుట్లలోపే దొరికిపోతుంది, ఎందుకంటే "అదే" రావలసిన చోట "ఎదురు" కనిపిస్తుంది. కాగితం మీద రాసిన ఏ సూచనా అంత త్వరగా తప్పు పట్టదు.

ఎత్తు ఊలే చెప్పింది

ఎంత ఎత్తు అల్లాలి అన్నదానికి తూకం వాడాను. వంటింటి డిజిటల్ త్రాసు మీద ఉండని ఒకసారి తూచి, పది రౌండ్లు అల్లి మళ్లీ తూచాను. 11 గ్రాములు తగ్గింది. క్యాస్ట్ ఆన్ (మొదట్లో కుట్లు సూదికి ఎక్కించడం), బైండ్ ఆఫ్ (చివర్లో కుట్లు మూసి సూదిలోంచి దించడం) రెండిటికీ కలిపి మూడు గ్రాములు పక్కన పెట్టుకుంటే 100 గ్రాముల్లో 88 రౌండ్లు వస్తాయి. కానీ ఉండ చివరిదాకా లాక్కెళ్లే డిజైన్ నేర్చుకునేవాళ్లకి ఇవ్వకూడదు. చెయ్యి వదులైనవాళ్లకి బైండ్ ఆఫ్ సగంలో ఊలు అయిపోతుంది, అంతకంటే ఏడుపు లేదు. 72 రౌండ్ల దగ్గర ఆపాను: అంచులు నాలుగు నాలుగు, మధ్యలో 64. ఎత్తు దాదాపు 28 సెం.మీ., ఊలు 82 గ్రాముల చిల్లర.

28 అంటే మెడకి ఎక్కువే. కావాలనే పెట్టాను, పై భాగం బయటికి మడవొచ్చని. మడిచినప్పుడు లోపలి వైపు బయటపడుతుంది, గీత వాలు కూడా తిరగబడుతుంది. కింద కుడికి వాలిన గీతలు, మడత మీద ఎడమకి వాలిన గీతలు. మడత అంచు కింద రెండూ ఎదురెదురుగా కలిసి బాణం మొనల్లా కనిపిస్తాయి. ఇది నేను ముందుగా లెక్కవేసింది కాదు, అద్దం ముందు మడిచినప్పుడు చూశాను. చూశాక మాత్రం ఎత్తులో ఒక్క రౌండు కూడా తగ్గించబుద్ధి కాలేదు.

అంచు లేకుండా నేరుగా మూడు మూడుతో మొదలెట్టి చూస్తే కిందిఅంచు అలలు అలలుగా వచ్చింది. కొందరికి అది నచ్చుతుంది, నాకు సగంలో వదిలేసినట్టు అనిపించింది. సీడ్ అంచు దాన్ని సరిచేసింది. అయితే సీడ్ స్టిచ్ వెడల్పుగా పరుచుకునే రకం, ఎనిమిది రౌండ్లు వేస్తే అంచు గంటలా విచ్చుకుంది. నాలుగు రౌండ్లు, చిటికెన వేలి మందం. అక్కడితో ఆపాలి.

ముగ్గురి చేతుల్లో

నా చేతిలో బాగా వచ్చిందంటే అది డిజైన్ బలమో నా చెయ్యి అలవాటో తెలియదు. అందుకని ముగ్గురికి ఇచ్చాను.

మొదటి ఆమె గుండ్రంగా కలిపేటప్పుడు క్యాస్ట్ ఆన్ అంచు ఒక చోట సూది చుట్టూ మెలితిరిగింది. చూసుకోలేదు. ఆరు రౌండ్లయ్యాక గొట్టం మధ్యలో మెలిక, విప్పడం తప్ప దారి లేదు. ఇది ఆమె తప్పు అని వదిలెయ్యొచ్చు, కానీ తేలిక అని పేరు పెట్టినప్పుడు తప్పు పడే చోటు నేనే మూసెయ్యాలి. మొదటి రెండు వరసలు గుండ్రంగా కాకుండా మామూలుగా అటూ ఇటూ అల్లి, అప్పుడు కలపమని మార్చాను. అప్పటికి అంచు ఒక రిబ్బన్‌లా ఉంటుంది కాబట్టి మెలిక పడితే ఇట్టే కనిపిస్తుంది. కింద మిగిలిన చిన్న సందుని క్యాస్ట్ ఆన్ కొసతో రెండు కుట్లు వేసి మూసెయ్యడమే.

రెండో ఆమె అంతా చక్కగా అల్లి బైండ్ ఆఫ్ దగ్గర బిగించేసింది. కౌల్ నుదురు దాటి దిగలేదు. బైండ్ ఆఫ్‌కి ఒక సైజు పెద్ద సూది, అంటే 5.5 మి.మీ., వాడమని రాశాను. బిగువు చేతులవాళ్లకి సూదీదారంతో కుట్టే జిమ్మర్‌మన్ బైండ్ ఆఫ్ ఇంకా బాగా సాగుతుంది. కానీ కుట్టే పని వద్దన్న మనిషి కోసం కదా ఇదంతా, అందుకే దాన్ని సూచనల్లో పెట్టలేదు.

మూడో ఆమెది ఎడమ చేతివాటం, అద్దంలో చూసినట్టు అల్లుతుంది. ఆమె గీతలు ఎడమకి వాలాయి. "నేనేదో తప్పు చేశాను మేడమ్" అని ఫొటో పంపింది. తప్పేం లేదు, అల్లే దిక్కు మారితే వాలు మారుతుంది. ఆమెకి ఇంకో చిక్కు కూడా వచ్చింది: దగ్గర 80 సెం.మీ. సూదే ఉంది. 60 సెం.మీ. గొట్టం 80 సెం.మీ. సూది చుట్టూ సాగదు. తీగని మధ్యలోంచి బయటికి లాగి మ్యాజిక్ లూప్‌తో అల్లుకుంది. 40 సెం.మీ. సూది ఉంటే ఈ గొడవ ఉండదు.

చివరికి నిలిచిన పద్ధతి

5 మి.మీ. సర్క్యులర్ సూది, 40 సెం.మీ. పొడవు. లాంగ్ టెయిల్ పద్ధతిలో క్యాస్ట్ ఆన్ చేస్తే కొస కోసం రెండు మీటర్ల పైచిలుకు ఊలు వదులుకోవాలి. 109 కుట్లు ఎక్కించాలి. మొత్తం పనిలో లెక్కపెట్టేది ఇక్కడొక్కచోటే, కాబట్టి రెండుసార్లు లెక్కపెట్టాలి. 108 అయితే నిలువు రిబ్ వస్తుంది, 110 అయితే రౌండుకి రెండు కుట్లు జరిగి గీత ఇంకా పడుకుంటుంది, పైగా సరిసంఖ్య కాబట్టి అంచు సీడ్ కాకుండా రిబ్ అయిపోతుంది.

మొదటి వరస: ఒక నిట్, ఒక పర్ల్, చివరి కుట్టు నిట్. తిప్పి రెండో వరస కూడా అలాగే, నిట్‌తో మొదలై నిట్‌తో ముగుస్తుంది. ఇప్పుడు తిప్పకుండా, అంచు మెలిక లేదని చూసుకుని గుండ్రంగా కలపాలి. కలిపాక వేసే మొదటి కుట్టు పర్ల్. ఇక్కడ ముగ్గురిలో ఇద్దరు తడబడ్డారు, కొత్త రౌండు కదా అని నిట్‌తో మొదలెట్టారు. కొత్త రౌండు అనేది మర్చిపోవాలి. ఇప్పుడే నిట్ వేశాం కాబట్టి తర్వాతిది పర్ల్, అంతే. అలా అంచు చిటికెన వేలి మందం వచ్చేదాకా.

తర్వాత ఎక్కడ ఉంటే అక్కడి నుంచే మూడు నిట్, మూడు పర్ల్. మొదటి రౌండులో అంచు మీద ఏదీ అర్థం కాదు, గుడ్డిగా మూడు మూడు అనుకుంటూ పోవాలి. రెండో రౌండు నుంచి ఎదురు, అదే, అదే కనిపిస్తుంది. అంచుతో కలిపి 26 సెం.మీ. దాటాక మళ్లీ ఒక నిట్, ఒక పర్ల్‌కి మారి, నాలుగు రౌండ్లంత అంచు వేసి, పెద్ద సూదితో నిట్ మీద పర్ల్, పర్ల్ మీద నిట్ వేసుకుంటూ వదులుగా బైండ్ ఆఫ్. నీళ్లలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టాలి. పిన్నులు గుచ్చి లాగొద్దు, గాడులు చదునైపోతాయి. అక్రిలిక్ అయితే ఇస్త్రీపెట్టె దగ్గరికి రానివ్వొద్దు, వేడికి బట్ట చచ్చుబడి మళ్లీ కోలుకోదు.

వేరే ఊలు వాడితే ఉతికిన స్వాచ్ మీద 10 సెం.మీ.కి ఎన్ని కుట్లో చూసి, దాన్ని ఆరుతో గుణించి, వచ్చినదానికి దగ్గర్లో ఉన్న ఆరు గుణిజానికి ఒకటి కలపాలి. లావు ఊలుతో 13 కుట్లు వస్తే 78, ఒకటి కలిపి 79. మెడకి రెండు చుట్లు కావాలంటే 217 కుట్లు, రెండు ఉండలు.

ఆ అమ్మాయి తన కౌల్ తొమ్మిది రోజుల్లో ముగించింది. పదో రోజు కొత్త ఉండతో వచ్చింది. గీతలు అటు కాకుండా ఇటు వాలాలంటే ఏం చెయ్యాలి అని అడిగింది. ఒకటి ఎక్కువకి బదులు ఒకటి తక్కువ, 107 ఎక్కించి చూడమన్నాను, అంతకుమించి చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఫోన్. "అక్కా, ఇందులో మొదటి కుట్టు కాదు, మూడోది మారుతోంది. అదే, అదే, ఎదురు."

అవునన్నాను. అప్పటికే ఆమెకి పన్నెండు రౌండ్లు అయిపోయాయి.